ఫిర్యాదు రాని వార్డులో అంటువ్యాధి

(మానసిక చికిత్సాలయాల్లో అంటువ్యాధుల అదుపు గురించి హనుమకొండలో ఒక మానసిక వైద్యుడు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయిన వారి కోసం రికార్డింగు విని రాసిన పాఠం ఇది.)

అందరికీ నమస్కారం. నర్సింగ్ విద్యార్థులకు, నైట్ డ్యూటీ ముగించుకొని నిద్ర కూడా పోకుండా నేరుగా ఇక్కడికి వచ్చిన సిస్టర్లకు, ఇంటి మనిషిని ఏదో ఒక వార్డులో చేర్పించి ఆ దిగులుతోనే వచ్చిన కుటుంబ సభ్యులకు నా నమస్సులు. వెనక గోడకు ఆనుకొని నిలబడిన ఆయమ్మలు, వార్డు బాయ్‌లు దయచేసి వచ్చి ముందు కూర్చోవాలి. మర్యాద కోసం అంటున్న మాట కాదు. నేను మాట్లాడబోయే దాంట్లో సగం మీ పని గురించే.

మామూలు వార్డులో అంటువ్యాధి ఎట్లా బయటపడుతుంది? రోగే చెబుతాడు. "సారూ, పానం మంచిగ లేదు, రాత్రి నుంచి చలి పెడుతున్నది" అంటాడు. పక్క మంచం మీది మనిషి కూడా అదే మాట అంటాడు. డాక్టరుకు అనుమానం వస్తుంది. అంటే ఆ వార్డులో మనకు సమాచారం ఇచ్చేది రోగి నోరు. మరి మానసిక వార్డులో? మాటే ఆగిపోయి, కొయ్యబారి కూర్చున్న మనిషి తనకు జ్వరమని చెప్పడు. ఉన్మాదంలో ఉన్న మనిషికి నూట రెండు డిగ్రీల జ్వరంలోనూ అలసట తెలియదు, పాటలు పాడుతూనే ఉంటాడు. లోతైన కుంగుబాటులో ఉన్న ఆడమనిషి "పోతే పోనీ" అనుకొని ఊరుకుంటుంది. ఇంకొకాయన చెబుతాడు, స్పష్టంగానే చెబుతాడు, కానీ మనం నమ్మము. ఇదే అన్నిటికన్నా చిక్కైన సంగతి.

ఒక రోగి "ఒంటి మీద పురుగులు పాకుతున్నాయి" అన్నాడనుకుందాం. మనం కేస్ షీటులో ఏం రాస్తాం? భ్రాంతి అని రాస్తాం. మద్యం మానేసిన మూడో రోజైతే, అది మానడం వల్ల వచ్చిన లక్షణమని రాస్తాం. రెండూ నిజం కావచ్చు. కానీ రాసే ముందు ఆ మనిషి చేయి పట్టుకొని, వేళ్ళ సందులు విడదీసి వెలుతురులో చూశామా? మణికట్టు మడత, నడుము చుట్టూ బొందు కట్టుకునే చోటు చూశామా? అక్కడ సన్నటి గీతలు, గోకి పుండు పడిన చిన్న పొక్కులు కనిపిస్తే అది గజ్జి. మొదటిసారి గజ్జి సోకిన మనిషికి దురద మొదలు కావడానికి నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది. కాబట్టి మీరు మొదటి మనిషిని గుర్తించే నాటికే, దురద లేకపోయినా అది సోకిన వాళ్ళు ఆ వార్డులో ఇంకా ఎందరో ఉంటారు. మొదటి మనిషి చెప్పిన రోజే మనం నమ్మి ఉంటే? ఈ ప్రశ్న మనసులో పెట్టుకోండి. ఎందుకంటే గజ్జితో ప్రాణం పోదు, కానీ ఇదే వరుసలో కలరా వచ్చినా, ఇన్‌ఫ్లుయెంజా వచ్చినా, క్షయ వచ్చినా మన ఆలస్యం ఇట్లాగే ఉంటుంది.

అందువల్ల నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఫిర్యాదు కోసం కూర్చునే పద్ధతి మానసిక వార్డులో పనికిరాదు. వ్యాధిని మనమే వెతుక్కుంటూ పోవాలి. రోజూ, అందరిలో, ఎవరూ ఏమీ అనకపోయినా వెతకాలి.

వెతికేది ఎవరు? డాక్టరు రౌండ్సుకు వచ్చి ఒక్కో మంచం దగ్గర ఎంతసేపు నిలబడతాడో మీకు తెలుసు. అన్నం వడ్డించే ఆయమ్మకు మాత్రం ఎవరి పళ్ళెం ఎట్లా తిరిగి వచ్చిందో తెలుసు. రెండోసారి పప్పు అడిగే మనిషి ఈ రోజు ముద్ద కలిపి అట్లాగే వదిలేశాడు. పొద్దున లేస్తూనే బీడీ కోసం వెంటపడే మనిషి ఈ రోజు అడగనే లేదు. వరండాలో ఆ చివర నుండి ఈ చివరకు నడిచే మనిషి పొద్దెక్కినా ముసుగు తీయలేదు. బాత్రూముకు రాత్రి నాలుగు సార్లు పోయి వచ్చిన సంగతి తలుపు దగ్గర కూర్చున్న వార్డు బాయ్ చూశాడు. ఇవన్నీ జ్వర లక్షణాలే, ఇవన్నీ విరేచనాల కబురే. కానీ ఇవి ఏ రిజిస్టరులోకి ఎక్కుతున్నాయి? ఆయమ్మ చూసింది సిస్టరుకు చేరడానికి, సిస్టరు విన్నది డాక్టరుకు చేరడానికి ఒక దారి ఉండాలి. ఒక నోటుబుక్కు చాలు. పేరు, మంచం నెంబరు, ఏం మారింది, ఎప్పటి నుండి. రెండు రోజుల్లో ఇద్దరికి ఒకే రకం మార్పు కనిపిస్తే, ఆ సాయంత్రమే వార్డులో అందరికీ జ్వరం, నాడి, ఆక్సిజన్ చూడాలి. తరువాత పొద్దున, సాయంత్రం రెండు పూటలా చూడాలి. అదే రోజు జిల్లా వైద్యాధికారి కార్యాలయానికి తెలపాలి. పరీక్ష రిపోర్టు వచ్చాక చెబుదామనుకుంటే ఆ రెండు మూడు రోజులు వ్యాధికి దానం చేసినట్టే.

ఆ నోటుబుక్కులోనే ఇంకో పేజీ ఉండాలి, సిబ్బంది సెలవుల పేజీ. దీనికి కొందరికి కోపం రావచ్చు. తాళం వేసి ఉన్న వార్డులోని రోగి బజారుకు పోడు, పెళ్ళికి పోడు, బస్సెక్కడు. మరి వ్యాధి లోపలికి ఎట్లా వచ్చింది? కొత్తగా చేరిన రోగితో రావాలి, చూడవచ్చిన బంధువుతో రావాలి, లేదా మనతో రావాలి. రెండేళ్ళకొకసారి మేడారం జాతర అవుతుంది. మన సిబ్బందిలో సగం మంది పోయి వస్తారు, నేనూ పోతాను. లక్షల మంది కలిసిన చోటు నుండి వచ్చిన వారంలో ముగ్గురు సిబ్బంది వాంతులని సెలవు పెడితే, అది హాజరు పట్టీ విషయం కాదు, వార్డు ఆరోగ్యం విషయం. జ్వరంతో డ్యూటీకి వచ్చిన వార్డు బాయ్‌ని మెచ్చుకునే అలవాటు మనకుంది. ఆ మెచ్చుకోలు మానాలి. అయితే ఆ సెలవుకు జీతం కోయకూడదు. అవుట్‌సోర్సింగ్ ఉద్యోగికి రోజు జీతం పోతుందంటే జ్వరం దాచిపెట్టే వస్తాడు, మరి ఆయనను తప్పు పట్టగలమా?

ఈ వెతుకులాట లేని చోట ఏం జరుగుతుందో ప్రపంచమంతా చూసింది. 2020 ఫిబ్రవరిలో దక్షిణ కొరియాలోని చెంగ్డో అనే ఊళ్ళో, డేనం ఆసుపత్రి మానసిక వార్డులో నూటికి పైగా రోగులుంటే ఇంచుమించు అందరికీ కోవిడ్ సోకింది. ఆ దేశంలో కోవిడ్‌తో నమోదైన మొట్టమొదటి మరణం ఆ వార్డులోనే జరిగింది. చనిపోయిన మనిషి అరవై దాటినవాడు, ఇరవై ఏళ్ళుగా ఆసుపత్రిలోనే ఉన్నాడు. ఆయనకు కోవిడ్ ఉందని తెలిసింది చనిపోయిన తరువాత చేసిన పరీక్షలో. మంచాలు లేని గదులు, పక్కపక్కనే పరచిన పరుపులు, గాలి ఆడని కిటికీలు. తరువాత అధికారులు రోగులను లోపలే ఉంచి ఆ భవనాన్ని మూసివేసినప్పుడు, ఇది వైద్యమా, నిర్బంధమా అని ఆ దేశంలోని వికలాంగుల సంఘాలు నిలదీశాయి. అదే కాలంలో చైనాలోని వుహాన్ మానసిక ఆరోగ్య కేంద్రంలో కూడా పదుల సంఖ్యలో రోగులకు, సిబ్బందికి సోకింది. న్యూయార్కులో 7 వేలకు పైగా కోవిడ్ రోగుల రికార్డులు చూసిన ఒక అధ్యయనంలో, మరణానికి వయసు తరువాత అంత బలంగా ముడిపడినది స్కిజోఫ్రీనియా, అంటే లేని మాటలు వినపడే, భ్రమలు కలిగే తీవ్రమైన మానసిక జబ్బు అని తేలింది. ఆ జబ్బు ఉన్నవారిలో చనిపోయే అవకాశం ఇంచుమించు 2.7 రెట్లు కనిపించింది.

ఐసోలేషన్ వేరు, గదిలో పెట్టి తాళం వేయడం వేరు

ఇక్కడ చట్టం సంగతి చెప్పాలి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో వచ్చింది, 2018 మే నుండి అమలులో ఉంది. దాని 97వ సెక్షన్ ప్రకారం రోగిని ఏకాంత నిర్బంధంలో పెట్టకూడదు. కట్టివేయడం కూడా, వెంటనే ముంచుకొస్తున్న హానిని ఆపడానికి వేరే దారి లేనప్పుడు, ఆ రోగి బాధ్యత చూస్తున్న మానసిక వైద్యుడి అనుమతితో, అవసరమైనంత సేపే. మరి అంటువ్యాధి వచ్చిన రోగిని వేరే గదిలో ఉంచాలి కదా, అది తప్పవుతుందా? కాదు. కానీ రెండింటికీ ఉన్న తేడా ఎక్కడుంది? తలుపులో లేదు, తలుపు ఇవతల మనం చేసే పనిలో ఉంది. వేరుగా ఉంచిన రోగి దగ్గరికి మనిషి మామూలుకన్నా ఎక్కువ సార్లు పోవాలి. ఎందుకు ఉంచామో, ఎన్ని రోజులో రోజూ చెప్పాలి, నిన్న చెప్పాము కదా అనుకోకూడదు. ఫోను ఇవ్వాలి. రాత్రి లైటు ఉండాలి. ఒంటరి గది కన్నా, ఒకే వ్యాధి నిర్ధారణ అయిన నలుగురిని ఒక గదిలో ఉంచడం చాలామందికి మేలు, ఆత్మహత్య ఆలోచనలు ఉన్నవారికి మరీ మేలు. అనుమానం ఉన్నవారిని, నిర్ధారణ అయినవారిని మాత్రం కలపకండి.

అదే చట్టంలో 21వ సెక్షన్ ఉంది. శారీరక రోగికి ఏ వైద్యం, ఏ అత్యవసర సేవ, ఏ అంబులెన్సు అందుతుందో, అదే మానసిక రోగికీ అందాలని అది చెబుతుంది. ఆక్సిజన్ పడిపోతున్న రోగిని పంపిస్తే "పిచ్చి కేసు, మేము చూసుకోలేము" అని తిప్పి పంపిన సందర్భాలు ఈ హాలులో ఉన్న సిస్టర్లు ఎందరో చూశారు. ఇకమీదట రెఫరల్ కాగితం మీదనే ఆ సెక్షన్ నెంబరు రాయండి. రోగితో పాటు వార్డు మనిషిని ఒకరిని పంపండి. తెలిసిన ముఖం పక్కనుంటే రోగి సూది వేయించుకుంటాడు, అక్కడి సిబ్బందికీ భయం తగ్గుతుంది.

మందులతో వచ్చే చిక్కు

ఇప్పుడు నెమ్మదిగా వినాల్సిన భాగం. అంటువ్యాధి వచ్చినప్పుడు మన మందులే ప్రమాదం కావచ్చు. మూడు నాలుగు ఉదాహరణలు చెబుతాను, విద్యార్థులు రాసుకోండి.

స్కిజోఫ్రీనియాకు ఇచ్చే క్లోజపిన్ అనే మందు వాడే రోగికి జ్వరం వస్తే ఆ రోజే రక్త పరీక్ష చేయాలి. ఆ మందు కొందరిలో తెల్లకణాలను పడగొడుతుంది. ఆ తెల్లకణాల్లో న్యూట్రోఫిల్‌లు అనే రకం మైక్రోలీటరు రక్తంలో 1500 కన్నా తగ్గితే నిపుణుడితో మాట్లాడాలి, 500 లోపుకు పడితే ప్రాణాపాయం. ఇది పుస్తకంలో ఉన్నదే. పుస్తకంలో ఉన్నా వార్డులో మరిచిపోయే సంగతి ఇంకొకటుంది. బీడీ పొగలోని పదార్థాలు కాలేయంలో క్లోజపిన్‌ను కరిగించే ఎంజైమును ఎక్కువగా పని చేయిస్తాయి. నికోటిన్ కాదు, పొగ. అంటే రోజుకు కట్ట బీడీలు తాగే మనిషికి మనం కుదిర్చిన మోతాదు ఆ బీడీలతో కలిపి కుదిరిన మోతాదు. ఇప్పుడు ఆయనను ఐసోలేషన్‌లో పెట్టాము, బీడీ బందైంది. కొద్ది రోజుల్లోనే రక్తంలో మందు పెరుగుతుంది. దానికి తోడు, ఒంట్లో వాపు, జ్వరం ఉన్నప్పుడు అదే ఎంజైము మందగిస్తుంది. రెండు దిక్కుల నుండి మందు పెరుగుతుంది. రోగి మత్తుగా పడుకుంటాడు, చొంగ కారుతుంది, మింగడం కష్టమై అన్నం మెతుకు ఊపిరితిత్తుల్లోకి పోతుంది, ఫిట్స్ కూడా రావచ్చు. మనమేమో "జ్వరం కదా, నీరసంగా ఉన్నాడు" అనుకుంటాం. అందుకే ఐసోలేషన్‌కు పంపే కాగితం మీద "బీడీ తాగుతాడా, రోజుకెన్ని" అనే ప్రశ్న ఉండాలి, మోతాదు తగ్గించే నిర్ణయం ఆ రోజే మానసిక వైద్యుడు తీసుకోవాలి. అట్లాగని మందు పూర్తిగా ఆపేసి, 48 గంటలు దాటాక మళ్ళీ పాత మోతాదు ఒకేసారి ఇవ్వకూడదు. 12.5 మిల్లీగ్రాముల నుండి మొదలు పెట్టాలి.

ఉన్మాదం, కుంగుబాటు మారిమారి వచ్చే జబ్బుకు ఇచ్చే లిథియం సంగతి. వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు, ఉప్పు పోతే మూత్రపిండాలు ఉప్పుతో పాటు లిథియాన్ని కూడా పట్టి ఉంచుతాయి. రక్తంలో అది లీటరుకు 1.5 మిల్లీమోల్‌లు దాటితే విషమే. ఇందులో మెలిక ఏమిటంటే, లిథియం ఎక్కువైనా మొదటి లక్షణాలు వాంతులు, విరేచనాలే. వార్డులో పదిమందికి విరేచనాలు పట్టుకున్న రోజున పదకొండో మనిషివి కూడా అవేనని రాసేస్తాం. చేతుల వణుకు పెద్దదైందా, మాట ముద్దగా వస్తున్నదా, నడక తూలుతున్నదా చూడండి. వెంటనే రక్తంలో లిథియం పరీక్ష, ఓఆర్‌ఎస్, డాక్టరుకు ఫోను. జ్వరానికి డైక్లోఫెనాక్, ఇబుప్రొఫెన్ ఇవ్వకండి, అవి లిథియాన్ని ఇంకా పెంచుతాయి. పారాసిటమాల్ చాలు.

జ్వరంతో పాటు ఒళ్ళు కర్రలా బిగుసుకుపోయి, చెమటలు పట్టి, స్పృహ మారితే అది అంటువ్యాధి కాకుండా మనోవ్యాధి మందుల వల్ల వచ్చే ప్రాణాంతక స్థితి కావచ్చు, కండరాలు దెబ్బతిన్నాయేమో చూపే సీపీకే రక్త పరీక్ష చేయించాలి. ఎండాకాలం రామగుండం దిక్కు ఎండ సంగతి నేను చెప్పనవసరం లేదు. వణుకు తగ్గడానికి మనం ఇచ్చే ట్రైహెక్సీఫెనిడిల్ చెమటను ఆపుతుంది, రేకుల కప్పు కింద ఉన్న వార్డులో ఆ జ్వరం వడదెబ్బ అయినా కావచ్చు. ఇక కల్లు, మద్యం మానినవారు. 2020లో లాక్‌డౌన్ పెట్టిన మొదటి రోజుల్లో కల్లు, మద్యం దొరకక ఎర్రగడ్డ ఆసుపత్రికి వచ్చినవారు ఎంతగా పెరిగారో అందరికీ గుర్తుంది. మత్తుమందు కలిపిన కల్లు ఆగిపోతే వణుకు, ఫిట్స్, కలవరింతలు వస్తాయి, జ్వరమూ రావచ్చు. అంటువ్యాధి కాలంలో అట్లా వచ్చిన మనిషికి రెండు కారణాలూ వెతకాలి, ఒకటి దొరికిందని రెండోది వదలకూడదు. క్షయ మందుల్లోని రిఫాంపిసిన్ మన మందుల బలాన్ని చాలా తగ్గిస్తుంది. క్షయ వైద్యం మొదలైన కొన్ని వారాలకు రోగికి లేని మాటలు మళ్ళీ వినపడుతున్నాయంటే, మందు మింగడం లేదని రోగిని కసరే ముందు ఈ సంగతి గుర్తు చేసుకోండి.

వస్తువుల విషయం త్వరగా చెబుతాను. గోడకు శానిటైజర్ సీసాలు పెట్టకండి. 2020 జూలై చివర ప్రకాశం జిల్లా కురిచేడులో మద్యం దొరకక శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయారు. మద్యం మాన్పించే వార్డులో దాన్ని గోడకు వేలాడదీయడమంటే ఏమనుకోవాలి? చిన్న సీసా సిబ్బంది జేబులో ఉండాలి, రోగులకు సబ్బు, నీళ్ళు. విరేచనాలు కలిగించే కొన్ని వైరసులకు శానిటైజర్ సరిగా పనిచేయదు కూడా. మాస్కు తాళ్ళు, ముక్కు దగ్గరి తీగ ప్రాణహానికి వాడుకోదగినవి, అందువల్ల ఎవరికి ఇవ్వాలో, ఎవరి దగ్గర కూర్చొని తొడగాలో మనిషిని బట్టి నిర్ణయించాలి. అనుమానాల జబ్బున్న రోగికి ముఖం కప్పుకున్న నలుగురు ఒకేసారి ఎదురైతే ఎట్లా ఉంటుందో ఆలోచించండి. మీ ఫొటో, పేరు పెద్ద అక్షరాలతో ఛాతీ మీద పెట్టుకోండి, దూరంగా నిలబడి ఒకసారి ముఖం చూపించి అప్పుడు మాస్కు కట్టుకోండి. గజ్జికి మందు ఒకే రాత్రి వార్డంతటికీ పట్టించాలి, దురద లేనివారికీ, సిబ్బందికీ. మెడ నుండి అరికాలి దాకా, గోళ్ళ కింద కూడా, 5 శాతం పెర్మెత్రిన్. వారానికి మళ్ళీ ఒకసారి. దుప్పట్లు వేడినీళ్ళలో ఉతకాలి, ఉతకలేనివి కనీసం మూడు రోజులు సంచిలో మూట కట్టి ఉంచాలి. ఈ రోజు ఆడవాళ్ళ వార్డు, వచ్చే వారం మగవాళ్ళ వార్డు అని పంచుకుంటే నెల తిరిగేసరికి మళ్ళీ మొదటికే వస్తుంది.

నీళ్ళు. 2023 జూలై చివరి వానల్లో మన వరంగల్, హనుమకొండ కాలనీలు మునిగినప్పుడు ఏ ట్యాంకులోకి ఏ నీళ్ళు కలిశాయో ఎవరు చెప్పగలరు? వెయ్యి లీటర్లకు మంచి బ్లీచింగ్ పౌడరు సుమారు రెండున్నర గ్రాములు, అరగంట ఆగాక క్లోరిన్ కొలిచే క్లోరోస్కోపుతో చూస్తే లీటరుకు 0.5 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలి. పరీక్ష ట్యాంకు దగ్గర చేసి ఊరుకోకండి, వార్డు చివరి నల్లా దగ్గర చేయండి. మందుల వల్ల నోరు ఎండిపోయి మన రోగులు నీళ్ళు చాలా తాగుతారు, కుండ ఖాళీ అయితే బాత్రూము నల్లా నీళ్ళే తాగుతారు.

టీకాల గురించి ఒక మాట. ఆధార్ లేదు, ఊరు పేరు చెప్పలేడు, ఎవరూ రారు. అట్లాంటి మనిషికి టీకా ఎవరు వేస్తారు? 2021 మేలో కేంద్ర ఆరోగ్య శాఖ గుర్తింపు కార్డులు లేనివారికి కోవిడ్ టీకా వేయడానికి ఇచ్చిన మార్గదర్శకాల్లో మానసిక చికిత్సాలయాల్లో ఉన్నవారి పేరు స్పష్టంగా ఉంది. ఆ ఏడాదే సుప్రీంకోర్టు కూడా వారికి పరీక్షలు, టీకాలు అందేలా చూడమని చెప్పింది. దారి ఒకసారి వేసి ఉంది కాబట్టి, రేపు ఇంకో వ్యాధికి ఇంకో టీకా వచ్చినప్పుడు "కార్డు లేదు" అనే జవాబును ఒప్పుకోకండి.

కుటుంబ సభ్యులకు చెబుతున్నాను. వ్యాధి ఉన్నన్నాళ్ళు చూడటానికి రావద్దని ఆసుపత్రి అనవచ్చు, అందులో న్యాయం ఉంది. ఫోను కూడా ఇవ్వబోమంటే మాత్రం ఊరుకోవద్దు, బయటివారితో మాట్లాడే హక్కు ఇందాక చెప్పిన చట్టంలోని 26వ సెక్షన్ ఇచ్చింది. వారానికి ఏ రోజు, ఏ సమయానికి మాట్లాడిస్తారో రాయించుకోండి. బాగుపడి, ఇంటికి పోదగిన స్థితిలో ఉన్న మనిషిని వ్యాధి వార్డును చుట్టుముట్టక ముందే తీసుకుపోగలిగితే తీసుకుపోండి. నెల రోజుల మందులు, ఆశా కార్యకర్త ఫోను నెంబరు తీసుకోవడం మరవకండి.

ఇక ముగింపు ఎప్పుడు? చివరి కేసు తరువాత, ఆ వ్యాధి ఒంట్లో దాగి ఉండగల గరిష్ఠ కాలానికి రెట్టింపు రోజులు కొత్త కేసు లేకుండా గడవాలి. కలరాకు పది రోజులు సరిపోతాయి. అమ్మవారు పోసిన వార్డుకు ఆరు వారాలు చూడాలి. ఈ లెక్క మొదటి రోజే గోడ మీద రాసి పెట్టాలి, ఎందుకంటే పెట్టిన ఆంక్షలు తీయడం మన ఆసుపత్రులకు అలవాటు లేదు. ఇంగ్లండులో లాంగ్ గ్రోవ్ అనే మానసిక ఆసుపత్రి ఉండేది. ఒంట్లో టైఫాయిడ్ క్రిములు మిగిలిపోయి, తాము మాత్రం ఆరోగ్యంగా ఉన్న ఆడవాళ్ళను, కనీసం నలభై ముగ్గురిని, 1907 నుండి 1992 మధ్య అక్కడ వేరుగా ఉంచారు. 1950ల నాటికి యాంటీబయాటిక్స్ వచ్చాయి, అయినా కొందరు బయటికి రాలేదు. వేరుగా ఉంచమన్న ఉత్తర్వు ఉంది, ఎప్పటిదాకా అన్న తేదీ లేదు. అందుకే ఐసోలేషన్ కాగితం మీద, సందర్శకులు రావద్దన్న నోటీసు మీద, వరండా తలుపు మూయమన్న ఆదేశం మీద ఎత్తివేసే తేదీ, దాన్ని తిరిగి చూడవలసిన అధికారి పేరు ఉండాలి. ఆ రెండూ లేని కాగితం మీ ముందుకు వస్తే, సూపరింటెండెంట్ పంపినా సరే, సంతకం పెట్టకుండా వెనక్కు పంపండి.